పిట్ట ముట్టని బువ్వ

మా ఆయన పోయిన మూడోనాడు పిట్టకు పెట్టాం. బువ్వ, ఆయనకు ఇష్టమైన తలకాయ కూర, ముంతలో కల్లు. ఎల్లారెడ్డిలో నాతో బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడా వచ్చి దూరంగా నిలబడ్డారు. కాకులు తుమ్మచెట్టు దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళకు ఇంకా ఏదో మిగిలి ఉందని మా నమ్మకం.

"ఎట్ల ముడ్తది? వాని నెత్తురు పట్నంల మంచుల ఉండె," అంది అత్తమ్మ.

నిజమే. లారీ గుద్ది పోవడానికి ముందటి ఏడాది ఆయన కామారెడ్డిలో డెంగీ టీకా పరీక్షకు పేరిచ్చాడు. తీసిన నెత్తురులోంచి తెల్లకణాలు వేరుచేసి హైదరాబాదు ల్యాబులో గడ్డకట్టించి దాచారు.

"బతికినన్ని దినాలు కిరాయింట్ల ఉంచిండు, సచ్చినంక పట్నంల జాగ చూస్కున్నడు," అని పక్కింటామె నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు.

అత్తమ్మ తిండి మానేసింది. నేను బస్సెక్కి కామారెడ్డి వెళ్ళి, ఆ పరీక్ష చూసే మేడంను కలిసి, ఆయన నెత్తురు సంగతి అడిగాను.

"పరీక్ష చెయ్యాల్సింది ఒక్క సీసా మిగిలిందమ్మా. మీరు వద్దంటే ముట్టం."

"పానంతోనే ఉన్నయా మేడం?"

"ఉన్నాయి. నిద్రపోయినట్టు."

సీసాను కరిగించి, ఆ కణాలను ఒక రాత్రి వెచ్చగా ఉంచుతారట. మరునాడు డెంగీ పురుగు ముక్కలు కలుపుతారట. టీకా నేర్పింది మరిచిపోని కణాలు ఒక పదార్థం వదులుతాయి, కింద పలక మీద ఒక్కోదానికి ఒక్కో చుక్క పడుతుంది.

"తర్వాత ఆ కణాలు?"

"కడిగేస్తాం. చుక్కలే ఉంటాయి."

ఫోనులో సీసా ఫోటో చూపించింది. మహిళా సంఘంలో అక్షరాలు నేర్చుకుని అప్పటికి కొన్నాళ్ళే. ఆయన పేరు కోసం వెతికాను. అంకెలే ఉన్నాయి.

"సీసా బయటికి తియ్యుండ్రి మేడం," అన్నాను. ఆమెకు వినబడలేదు. ఇంకోసారి అనాల్సి వచ్చింది.

కొన్నాళ్ళకు మేడం పలక ఫోటో పంపింది. తెల్లటి గుండ్రంలో చిన్న చిన్న నీలి చుక్కలు. బాగా గుర్తుపెట్టుకున్నాయని ఫోన్లో సంతోషంగా చెప్పింది. ఆయనకు డెంగీ ఎన్నడూ రాలేదు. రాని జ్వరాన్ని అంతగా గుర్తుపెట్టుకున్నాడు. నా గురించి ఏ పలక మీదా చుక్క పడదు.

మంచులో ఇంకేం మిగల్లేదని చెప్పాక అత్తమ్మ మళ్ళీ తలకాయ కూర వండింది. విస్తరి పెట్టి మేం వెనక్కి జరిగామో లేదో ఒక కాకి దిగి ముక్క అందుకుంది.

"ముట్టింది బిడ్డా, ముట్టింది!" అత్తమ్మ నా భుజం మీద పడి ఏడ్చింది.

కాకిని తోలడానికి అప్పటికే నా చెయ్యి లేచింది. పక్కింటామె ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.