పెద్దాయా మణికట్టు పరీక్ష

ఆ వృద్ధుల ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా చాకిరీ చేస్తున్న ఆయాను అందరూ పెద్దాయా అంటారు. పక్షవాతం వచ్చిన ముసలివాళ్ళ పిడికిలి ఎంత బిగుసుకున్నా ఆమె ఇట్టే విప్పుతుంది. వేళ్ళతో కుస్తీ పట్టదు; మణికట్టును మెల్లగా లోపలికి వంచుతుంది, వేళ్ళు వాటంతటవే విడిపోతాయి. చొక్కా తొడగాలంటే ముందు నొప్పి చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. ఇదీ ఆమె చదువు. దీనికెవరూ పట్టా ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

స్టోరుగదికి మేనేజరు బావమరిది అధికారి. సబ్బు కోసం వెళ్ళిన ఆయాల చెయ్యి పట్టుకుని గాని సబ్బు ఇవ్వడు. అందరూ కలిసి వెళ్ళి మేనేజరుకు మొరపెట్టుకున్నారు. బావమరిదిని ఒక్క మాటన్నాడంటే ఆ మహానుభావుడికి ఇంట్లో కంచం బోర్లిస్తారు. అందుకని దొంగను ఇంట్లోనే ఉంచి, ఇంటివాళ్ళకు కర్రసాము నేర్పించే ఏర్పాటు చేశాడు.

ఆయాలకు ఆత్మరక్షణ నేర్పడానికి వచ్చిన మాస్టారి నల్లబెల్టు బొజ్జ కింద దాక్కుని ఉంది. కీళ్ళు మెలేసే పట్లు మూడు రోజులు నేర్పాడు: ఒకటో అడుగు, రెండో అడుగు, మూడో అడుగు, పొలికేక. నొప్పి తట్టుకోలేనివాడు నేలను రెండుసార్లు చరిస్తే వదిలేయాలట. నాలుగో రోజు పరీక్ష.

"తప్పినవాళ్ళకు ఇక్కడ పని లేదు. తనను తాను కాపాడుకోలేనిది రోగినేం కాపాడుతుంది?" అన్నాడు మేనేజరు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఈ పని పోతే ఇంకో పని ఎవరిస్తారు? పెద్దాయా కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది.

మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏం లేదు నాన్నా, వదిలేయ్, వదిలేయ్," అంటూ ఆమె ఆయన చేతిని లోపలికి వంచింది. వేళ్ళు విడిపోయాయి. అలవాటు కొద్దీ అరచెయ్యి తుడిచి, "గోళ్ళు పెరిగాయి," అంది.

ఆయాలు నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఫెయిల్! అడుగులు వేయలేదు, కేక పెట్టలేదు," అన్నాడు మాస్టారు.

"విడిపించుకున్నానా లేదా?"

"విడిపించుకున్నావు. పద్ధతి ప్రకారం కాదు."

మేనేజరు కలం తీశాడు.

"ఆగండి బాబూ," అంది పెద్దాయా. "మమ్మల్ని రోజూ పట్టుకునేది మాస్టారు కాదుగా? ఆ పట్టుకునే చేత్తోనే పరీక్ష పెట్టండి. వద్దంటారా, ఎందుకొద్దో అందరిముందూ చెప్పండి."

మేనేజరు నోరు తెరిచేలోపే బావమరిది చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చాడు. "ముసల్దానా, విరిగితే నన్నడక్కు," అని పట్టుకున్నాడు.

ఆమె వాడి మణికట్టు వంచి, మోచేతిని చొక్కాలోకి దూర్చినట్టు వెనక్కి తిప్పింది. అంత మనిషీ మోకాళ్ళ మీద కూలబడి దబదబా నేల చరిచాడు.

"ఎన్నిసార్లయింది మాస్టారూ?"

"ఏడు! వదిలెయ్యమ్మా!"

"మేం వదలమన్నప్పుడు ఈ నాయన లెక్క పెట్టాడా?" అని కిందికి చూసింది. "సబ్బులు బయట బల్లమీద పెడతావా?"

"పెడతా! పెడతా!"

అప్పుడు వదిలింది. కళ్ళెదుట ఇరవైమంది ఆయాలు నిలబడి ఉంటే మేనేజరు పాసని కాక ఇంకేం రాస్తాడు?

మర్నాడు ఉదయం సబ్బులు బల్లమీదే ఉన్నాయి. స్టోరు గుమ్మంలో బావమరిది కోటు సగం తొడుక్కుని, రెండో చెయ్యి దూరక గిలగిల్లాడుతున్నాడు. పెద్దాయా తన సబ్బు తీసుకుని కాసేపు ఆగి చూసింది.

"ముందు నొప్పి చెయ్యి దూర్చాలి నాయనా," అంది.

సాయం మాత్రం పట్టలేదు. పై గదిలో పక్షవాతం ముసలాయనకు స్నానం వేళయింది.