నెమలి వద్దన్న సుగుణ మేడం

గిఫ్టు కాగితం పరపర చిరిగే చప్పుడు వింటే ఇప్పటికీ నా గుండె ఒక్క క్షణం దడదడలాడుతుంది. మొన్న మా పాప పుట్టినరోజున పిల్లలంతా డబ్బాలు విప్పుతుంటే సుగుణ మేడం గుర్తొచ్చారు. మెట్‌పల్లిలో నేను లెక్కల టీచరుగా చేరిన బడికి ఆమె హెడ్మిస్ట్రెస్.

ఆ ఏడాది మేడం పుట్టినరోజుకు కరీంనగర్‌లో ఒక గాజు నెమలిని కొన్నాను. పింఛం విప్పుకొని, మూరెడు ఎత్తు ఉండేది. పగలకుండా బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చాను. స్టాఫ్‌రూంలో మేడం గిఫ్టు కాగితం చించి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. మిగతా టీచర్లు "మస్తుగుంది, మస్తుగుంది" అంటూనే ఉన్నారు. ఆమె మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇంత దూరం ఒడిల పెట్టుకొని తెచ్చినవా లతా? నా కోసం గింత కష్టపడ్డవని మస్తు సంబురమైంది. గని నిజం చెప్తా, ఏమనుకోకు. గీ నెమలి నాకు వద్దు. ఇంట్ల పెడితె దినాం దుమ్ము తుడుసుకుంట నిన్నే తిట్టుకుంట."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి పోదామనుకున్నాను, కానీ ఆమె నా చెయ్యి వదల్లేదు.

"మరి మీకేం కావాలె మేడం?" అని కొంచెం ఉక్రోషంగానే అడిగాను.

ఆమె కిటికీలోంచి బయటికి చూశారు. అక్కడ నా స్కూటీ ఉంది. "గా బండి నడుపుడు నేర్పుతవా? ఎన్నేండ్లాయె, ఆటో కోసం ఎదురు సూసుడే సరిపోతుంది. ఇంట్ల అడిగితె, ఈ వయసుల నీకెందుకంటరు."

అట్లా మొదలైంది. ఆదివారాలు బడి మైదానంలో ఆమె హ్యాండిల్ పట్టుకుంటే నేను వెనక పరుగెత్తేదాన్ని. ఒకసారి నేరుగా వెళ్లి గోరింటాకు చెట్టులో దూరారు. కొమ్మల మధ్యనుంచే "బ్రేకు యాడుందే పిల్లా!" అని అరిచి, పడీ పడీ నవ్వారు. చివరికి ఒక సాయంత్రం నన్ను వెనక కూర్చోబెట్టుకొని బజారు నడిమధ్య నుంచి హారన్ కొట్టుకుంటూ పోయారు. దుకాణాల్లోంచి ఆమె పాత విద్యార్థులు బయటికొచ్చి చప్పట్లు కొట్టారు. మిర్చీబజ్జీల బండి దగ్గర ఆగి, "నా బతుకుల గింత మంచి గిఫ్టు ఎవ్వలియ్యలే" అన్నారు. ఆ మాటలో రవ్వంత మొహమాటం కూడా లేదని నాకు తెలుసు. నెమలిని వద్దన్న నోటితోనే అన్నారు మరి.

అట్లా వద్దని చెప్పే ధైర్యం నాకు రావడానికి చాలా కాలం పట్టింది. పోయినేడు ఇచ్చోడ నుంచి మా ఆడబిడ్డ వచ్చి పసుపుపచ్చ జరీచీర చేతిలో పెట్టింది. ఎప్పటిలాగా "బాగుంది" అని బీరువాలో దాచబోయి, ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, నా కోసం ఇంతగనం తిరిగి కొన్నవు, సంతోషం. గని ఈ రంగు నేను కట్ట."

ఆమె మొహం చిన్నబోయింది. నేను చెయ్యి వదల్లేదు. కాసేపటికి ఆమే ఫక్కున నవ్వింది.

"నువ్వు పెట్టిన నీలం చీరె నేను గూడ ఇంకా మడత ఇప్పలే లతా! ఎట్ల చెప్పాల్నోనని పరేషానైన!"

ఇద్దరం కడుపు పట్టుకొని నవ్వాం. ఆ పసుపుచీర ఆమే కట్టుకొని వెళ్లింది, ఎంత బాగుందో. ఇప్పుడు బయల్దేరే ముందు ఫోన్ చేస్తుంది, "ఏం తేవాలె?" అని. "ఏం తేకు. రెండు రోజులుండేటట్టు రా" అంటాను. వస్తుంది, నాలుగు రోజులుంటుంది.