ఓడిన జట్ల లెక్క

డెబ్బైల చివర మేం న్యూజెర్సీ వచ్చిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదే అనుకునేదాన్ని. ఇక్కడ బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడం, ఒకడి మీద పదిమంది పడటం చూసి, దీనికి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో కనుక్కోవాలనిపించింది. ఏదైనా అర్థం కాకపోతే నాకు అన్నం సహించదు. ఆ ఆట నాకు పూర్తిగా పట్టుబడటానికి ఏడెనిమిదేళ్ళు పట్టింది, అది కూడా మా చర్చి వల్ల.

మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం జరిగేది. చర్చి అమెరికన్లది. పొద్దున్న వాళ్ళ ఆరాధన అయి, కాఫీలు తాగి వెళ్ళాక మాకు తాళం ఇచ్చేవాళ్ళు. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఇరవై కుటుంబాలం అక్కడ కలిసేవాళ్ళం. ఫుట్‌బాల్ ఆటలు కూడా సరిగ్గా ఆ వేళకే మొదలయ్యేవి.

మాలో అందరికంటే ముందు ఈ దేశం వచ్చినవారు ఒక డాక్టర్‌గారు. ఆయన రెసిడెన్సీ, అంటే ఆసుపత్రి శిక్షణ, చేసిన ఊరి జట్టంటే ఆయనకి ప్రాణం. ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఎవరికి విసరాలో క్షణంలో తేల్చుకుని ఆటంతా నడిపేవాడు, డాక్టర్‌గారి లెక్కలో అంతటివాడు ఇంకా పుట్టలేదు. ప్రసంగం మధ్యలో, కారు లైట్లు ఆర్పానో లేదో చూసొస్తానని డాక్టర్‌గారు బయటికి వెళ్ళేవారు. పట్టపగలు లైట్లేమిటని ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. కార్లో రేడియో విని తిరిగొచ్చాక ఆయన మొహం చూస్తే స్కోరు తెలిసిపోయేది.

ఆరాధన తర్వాత కింది హాల్లో పులిహోర, కోడికూర తింటూ ఆయనా మా ఆయనా వాదించుకునేవాళ్ళు. మా ఆయన ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో లెక్కలు వేసే ఉద్యోగి. ఆ క్వార్టర్‌బ్యాక్ గొప్పతనమంతా ఉత్తదని ఆయన వాదన. లీగులో జట్లని డివిజన్లని చిన్న గుంపులుగా విడగొడతారు. డాక్టర్‌గారి జట్టున్న గుంపులో ఐదు జట్లు. ప్రతి జట్టూ తన గుంపులోని మిగతా నాలుగింటితో రెండేసిసార్లు ఆడాలి. ఏడాదికి పదహారు ఆటలైతే సగం అక్కడే అయిపోతాయి. ఆ నాలుగూ దద్దమ్మ జట్లేనని, వాటిని ఏటా ఎనిమిదిసార్లు కొట్టినవాడికి పేరు రాక ఏమవుతుందని మా ఆయన అనేవారు.

ఒక నవంబరు ఆదివారం డాక్టర్‌గారు విసిగిపోయి నావైపు తిరిగారు. "అమ్మా, నువ్వూ స్టాటిస్టిక్సే కదా. నువ్వు డిసైడ్ చెయ్యి, వాడు గ్రేటా కాదా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "ఫస్ట్ ర్యాంకువాణ్ణి ఎదురుగా పెట్టుకుని సెకండ్ ర్యాంకుని అడుగుతారేంటన్నయ్యగారూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు అప్పటికి అలవాటైపోయింది. మేమిద్దరం ఎమ్మెస్సీ ఒకే క్లాసులో చదివాం. ఆయనకి గోల్డ్ మెడల్ వచ్చింది, నాకు రెండో ర్యాంకు వచ్చింది. తర్వాత పెద్దవాళ్ళు మాట్లాడుకుని పెళ్ళి చేశారు. ఎవరికి పరిచయం చేసినా "మా ఆవిడ. మా క్లాసులో సెకండ్. ఫస్ట్ ఎవరో అడక్కండి" అనడం ఆయనకి సరదా. మన వాళ్ళకి మనిషిని పరిచయం చెయ్యాలంటే పేరుతో సరిపోదు, ఏ కాలేజీ, ఏ ర్యాంకు అన్నది కూడా చెప్పాలి. శుభలేఖల మీద గోల్డ్ మెడల్ అచ్చు వేయించుకునే జాతి మనది.

ఆ నవంబరులో నా సొరుగులో ఒక దరఖాస్తు ఫారం ఉంది. మా ఊరి దగ్గర మందుల కంపెనీలో స్టాటిస్టిక్స్ విభాగానికి మనిషి కావాలన్నారు. నేనప్పటికి ఎనిమిదేళ్ళుగా ఒక బిల్లింగ్ ఆఫీసులో డేటా ఎంట్రీ చేస్తున్నాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరో ఇచ్చిన అంకెలు కొట్టడమే పని, ఆ అంకెల్ని ఎందుకని అడిగే హక్కు లేదు. ఫారం నెలాఖరులోగా పంపాలి. ఒక రోజు కూర్చుని మొదలుపెట్టాను. చదువు గడిలో డిగ్రీ పేరు రాశాక, వాళ్ళు అడక్కపోయినా, ఇరుకు చోటులో "రెండో ర్యాంకు" అని కూడా ఇంగ్లీషులో ఇరికించాను. రాశాక దాన్నే చూస్తూ కూర్చున్నాను. అన్ని ఊళ్ళ నుంచి, ఎంతో పెద్ద యూనివర్సిటీల నుంచి మొదటివాళ్ళు దరఖాస్తు పెడతారు, ఒక ఊళ్ళో రెండోదాన్ని నాకెందుకు అనిపించి ఫారం సొరుగులో పడేశాను.

ఫుట్‌బాల్ లెక్క మాత్రం వదలబుద్ధి కాలేదు. శనివారం పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి పాత వార్తాపత్రికల మైక్రోఫిల్ము చుట్టలు అడిగాను. లైబ్రేరియన్ మిషన్లో చుట్ట ఎలా ఎక్కించాలో చూపించి, చీర కట్టుకున్న ఆవిడకి ఫుట్‌బాల్ స్కోర్లెందుకని మొహంలోనే అడిగి వెళ్ళింది. ఆ క్వార్టర్‌బ్యాక్ ఆడిన ఏడాదులన్నిటి స్కోర్లూ ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. వరసగా ఓడిన జట్ల పేర్లు రాస్తుంటే వాటి మీద జాలి కూడా కలిగింది.

ఆ స్కోర్లు వెతుకుతుంటే తెలిసిన సంగతులు నన్ను ఆశ్చర్యపరిచాయి. ఈ లీగులో అట్టడుగున ఉన్న జట్టుకే కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్ళని మొదట ఎంచుకునే అవకాశం ఇస్తారు. ముందున్నవాళ్ళకి మరుసటి ఏడాది ముందున్నవాళ్ళతోనే కొన్ని ఆటలు పెడతారు. మా కాలేజీలో ఫస్ట్ వచ్చినవాడికి స్కాలర్‌షిప్పు, ముందు బెంచీ, ప్రొఫెసరుగారింట్లో టీ, అన్నీ వచ్చేవి. చివరివాడికి తిట్లు వచ్చేవి. ఓడినవాడికి ముందు వడ్డించే పద్ధతి ఒకటి ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

మొదటి లెక్క తేలిగ్గానే తేలింది. డివిజన్ ఆటలు తీసేసి మిగతావి చూస్తే ఆ క్వార్టర్‌బ్యాక్ గెలుపులు బాగానే ఉన్నాయి కానీ, గొప్పగా లేవు. డివిజన్లో మిగతా నాలుగు జట్లూ ఏటేటా గెలిచినవాటికంటే ఓడినవే ఎక్కువో, సమానమో. మరుసటి ఆదివారం అదే చెప్పాను. మా ఆయన బల్ల చరిచారు. డాక్టర్‌గారు కోడికూర ప్లేటు పక్కన పెట్టి, సరేనమ్మా, నువ్వు చెప్పాక ఇంకేముందన్నారు. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఆయన బాధపడ్డారని మాత్రమే కాదు, నా లెక్కలో ఏదో తేడా ఉందని తెలుస్తోంది, అదేమిటో తెలియడం లేదు.

బుధవారం ఆఫీసులో అంకెలు కొడుతుండగా తట్టింది. ఆ నాలుగు జట్లని నేను బలహీనమైనవని దేన్ని చూసి అన్నాను? వాటి ఓటముల్ని చూసి. ఆ ఓటముల్లో ఒక్కో జట్టుకి ఏటా రెండు ఆ క్వార్టర్‌బ్యాక్ చేతిలోవే. అతను కొట్టిన దెబ్బల్నే లెక్కపెట్టి, వీళ్ళు దెబ్బలు తినేవాళ్ళు, కాబట్టి అతని గెలుపు గెలుపు కాదంటున్నాను. పరీక్షలో ఇలా రాస్తే మా ప్రొఫెసరుగారు పేపరు విసిరికొట్టేవారు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

శనివారం మళ్ళీ మొదటి నుంచి వేశాను. ఈసారి ఆ నాలుగు జట్లూ ఆ క్వార్టర్‌బ్యాక్‌తో ఆడినవి తీసేసి, మిగతా లోకంతో ఎలా ఆడాయో చూశాను. ఎనిమిది గెలిచి ఎనిమిది ఓడిందని నేను తీసిపారేసిన ఒక జట్టు, అతన్ని పక్కనపెడితే ఎనిమిది గెలిచి ఆరే ఓడింది. నాలుగింటిలో రెండు జట్లు నిజంగా మంచివి. మిగతా రెండూ ఎలా చూసినా దద్దమ్మలే. అంటే మా ఆయన మాటలో సగం నిజం, డాక్టర్‌గారి మాటలో సగం నిజం. ఆదివారం అది చెబితే డాక్టర్‌గారు, సగమైనా నిలబెట్టావమ్మా, చాలని ఇంకో గరిటె పులిహోర వేయించుకున్నారు. మా ఆయన ఒప్పుకోలేదు. ఎవడు బలవంతుడో తెలియాలంటే ఎలా మరి అన్నారు.

"వాణ్ణి ఎప్పుడూ కొట్టేవాడొకడుంటాడు కదండీ, అతన్ని తీసేసి చూడాలి," అన్నాను.

అన్నాక నా మాట నాకే వింతగా వినిపించింది. ఇంటికి రాగానే సర్టిఫికెట్ల ఫైలు దించాను. నోటీసు బోర్డు మీద అంటించిన మార్కుల జాబితాని అప్పట్లో నేను చేత్తో ఎక్కించుకున్న కాగితం అందులో ఉంది. మా తరంలో అందరూ అలా ఎక్కించుకునేవాళ్ళే, తమ మార్కులకంటే పక్కవాళ్ళవి ఎక్కువ గుర్తుంటాయి. ఆ కాగితాన్ని అన్నేళ్ళలో ఎన్నిసార్లు చూశానో, చూసిన ప్రతిసారీ ఆయన పేరు, కింద నా పేరు, మధ్యలో తొమ్మిది మార్కుల తేడా, అంతవరకే చూశాను. ఈసారి ఆయన పేరు మీద వేలు పెట్టి మూశాను. అప్పుడు నా తర్వాతివాడు కనబడ్డాడు. నాకంటే అరవై రెండు మార్కులు వెనక ఉన్నాడు.

మా ఆయన వెనక నిలబడి చూస్తున్నారు. నేను వేలు తియ్యలేదు.

"నాకు తెలుసు," అన్నారు. "ఆ ఏడాదంతా నీకు భయపడే చదివాను. మిగతావాళ్ళకైతే అంత చదవక్కర్లేదు."

ఆ మాట విని ముందు గర్వమే కలిగింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"మరి ఎన్నడూ అనలేదేం?"

"అంటే ఆ మెడల్ నాకు తక్కువైపోతుందనిపించేది."

"ఎక్కువవుతుందండీ," అన్నాను. "ఎవర్ని గెలిచారో జనానికి తెలిస్తే ఎక్కువవుతుంది. ఇంత చదివి ఆ మాత్రం లెక్క తెలియలేదా మీకు?"

ఆయన వెళ్ళి బీరువాలోంచి తప్పులు చెరిపే తెల్లసిరా సీసా, నా సొరుగులోంచి, ఎప్పుడు చూశారో, ఆ దరఖాస్తు ఫారం తెచ్చి, రెండూ నా ముందు పెట్టి వెళ్ళారు. ర్యాంకు రాసిన చోట తెల్లసిరా పూసి, ఆరాక డిగ్రీ పేరు మాత్రం ఉంచి, మిగతా గడులు నింపి, మర్నాడు ఆఫీసుకి వెళ్తూ నేనే పోస్టు చేశాను.

ఆ ఉద్యోగం వచ్చింది. పదహారేళ్ళు చేశాను, ఎందుకని అడగడమే నా పని అయింది. అక్కడ ఎవరూ ఒక్కసారైనా నా ర్యాంకు అడగలేదు. మా ఆయన మీద కోపం ఆ చలికాలం దాటేసరికి పోయింది. నా మీద నాకున్న కోపం మాత్రం అంత త్వరగా పోలేదు. లెక్కలో ఎవర్ని కావాలంటే వాళ్ళని తీసేసి మళ్ళీ వేసుకోవచ్చు. నేను తక్కువదాన్నని నమ్మి ఊరికే అంకెలు కొట్టిన ఆ ఎనిమిదేళ్ళని మాత్రం ఎలా తీసెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.