కాల్డ్ ఆఫ్ అన్న మాటకు అర్థం

నా చిన్నప్పుడు జాలరిపేటలో మేముండే వీధి నుంచి ఇంగ్లీషు బడికి వెళ్లే పిల్లని నేనొక్కదాన్నే. మా నాన్న పోర్టులో సరుకు దించే కళాసీ. నేను ఐదో తరగతికి వచ్చేసరికే వీధిలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నన్ను పిలవడం అలవాటైపోయింది. వచ్చింది చదివి, రానిది ఊహించి చెప్పేసేదాన్ని. తప్పని చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

మా పక్కింటి అక్క చేపలమ్మేది. పెళ్లయి రెండేళ్లు. ఆమె భర్త ఒక కంపెనీవాళ్ల ట్రాలర్ మీద పనికి వెళ్లేవాడు. ఆ పెద్ద ఇంజను పడవ వేటకు వెళితే వారాల తరబడి సముద్రం మీదే ఉండేది. ఆ ఏడాది తుపాను వెలిశాక చాలా పడవలు ఒడ్డుకు చేరాయి గాని అది రాలేదు. అక్క గంప ఎత్తడం మానేసింది. పొద్దున్నే హార్బరుకు వెళ్లి నిలబడేది, పొద్దుగూకాక ఇంట్లోకి వెళ్లిపోయేది.

ఒక శనివారం మధ్యాహ్నం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అక్క తడి చేతులు చీరకు తుడుచుకుంటూ నా ముందు కూర్చుంది. చుట్టూ వీధిలో ఆడవాళ్లంతా మూగారు.

"ఏటి రాసేరే? తొరగా సెప్పు" అంది.

అన్నీ పొడుగాటి వాక్యాలు. వాటి మధ్య ఒక్కటి కాస్త పట్టుబడింది. సెర్చ్ హ్యాజ్ బీన్ కాల్డ్ ఆఫ్. సెర్చ్ అంటే వెతకడం. కాల్ అంటే పిలవడం. చివర ఆ ఆఫ్ ఎందుకుందో నాకు అర్థం కాలేదు. తెలీదని అందరి ముందూ ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

"వెతకడానికి ఎవరినో పిలిచారట అక్కా" అన్నాను.

"అయితే ఇంకా ఎతకతన్నారన్నమాట!" అని నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ సాయంత్రం తలకు పోసుకుంది. మర్నాడు ఇద్దరికి సరిపడా అన్నం వండింది. సోమవారం పొద్దున్న అతని చొక్కాలన్నీ ఉతికి తీగ మీద ఆరేసింది. అదంతా నా చదువు గొప్పే అనుకుని మురిసిపోయాను.

ఆ మురిపెంతోనే ఆ రోజు బడిలో మా ఇంగ్లీషు టీచరుగారికి సంగతంతా చెప్పాను. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ వాక్యం మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. బడి విడిచాక నాతోపాటు నడిచి వచ్చింది. దారిలోనే నాకు ఆ మాటకు అర్థం తెలిసింది. అక్కకు మీరే చెప్పండి టీచర్ అని రోడ్డు మీదే ఏడ్చాను.

"నీ నోట విని నమ్మిందమ్మా. నువ్వే చెప్పాలి. నేను పక్కనే ఉంటాను" అంది.

అక్క వాకిట్లో ఎండుచేపలు ఏరుతోంది. టీచరుగారు ముందు ఉత్తరం అడిగి తీసుకుని మొత్తం చదివి, నా చేతికిచ్చి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"అక్కా, నేను తప్పు చెప్పాను. వెతకడం ఆపేశారట."

అక్క ఏడవలేదు.

"మరి ఆ రోజు తెల్దని ఎందుకు సెప్పలేదే?" అంది. "నాను వొండుకుని కూకున్నానే."

తర్వాత లేచి తీగ మీది చొక్కాలు ఒక్కొక్కటీ తీసింది. ఒకటి ఇంకా తడిగానే ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. టీచరుగారు దాన్ని అందుకుని దులిపి, మడత పెట్టి ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు తరగతిలో పాఠం పక్కన పెట్టి, టీచరుగారు బోర్డు మీద కొన్ని మాటలు రాసింది. కాల్డ్ ఆఫ్. గివెన్ అప్. ఇన్ వెయిన్. ఫర్ గుడ్. ఇంగ్లీషువాళ్లు అయిపోయిందన్న సంగతిని ఇలాంటి చిన్న మాటల్లో దాస్తారని చెప్పింది. ఇన్ వెయిన్ అంటే వృథాగా అనీ, ఫర్ గుడ్ అంటే మంచికి అని కాదనీ, ఇక ఎప్పటికీ అనీ చెప్పింది. అన్నీ నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం లాభం? అతను రాలేదు. రెండు నెలలకు అక్క ఇల్లు ఖాళీ చేసి పుట్టింటివైపు వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు మా గుమ్మంవైపు చూడలేదు. తర్వాత ఆమె ఏమైందో నాకు తెలియదు.

ఇప్పుడు గోపాలపట్నంలో ఉంటున్నాను. మనవలున్నారు. ఇరుగుపొరుగువాళ్లు ఆసుపత్రి రిపోర్టులు, అచ్యుతాపురం కంపెనీల నుంచి వచ్చిన నోటీసులు ఇంకా నా దగ్గరికే తెస్తారు. ఒక్క మాట అనుమానంగా ఉన్నా, ఇది నాకు తెలీదు, తెలిసినవాళ్లని అడుగుదాం పదండి అని వాళ్లతో బయల్దేరతాను. పెద్దావిడ ఎంత నిజాయితీగా చెబుతుందో అని వాళ్లు మెచ్చుకుంటారు. వాళ్లు మెచ్చుకున్న ప్రతిసారీ నేను తల దించుకుంటాను.