మంజుల వద్దనుకున్న ఆ రిజల్ట్

నిన్న పొద్దున ల్యాబ్‌కి బయలుదేరుతుంటే మంజుల తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్క పోయినాదక్కా."

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అలా అడిగాను.

సెలవుకి తమిళనాడులో ధర్మపురి దగ్గర వాళ్ల ఊరు నల్లంపల్లి వెళ్లింది. హైవే దాటుతుంటే లారీ గుద్దింది.

బెంగళూరు నుంచి ధర్మపురి దాకా బస్సులో ఒక్క సీట్లో కూర్చోలేకపోయాను. ఇప్పుడు టైప్ చేస్తూ కూడా లేచి తిరుగుతున్నాను.

మంజుల నా ల్యాబ్‌మేట్. లేజర్ పల్స్‌లు కొలవడం మా పని. సెకన్లో లక్ష కోట్లో వంతు కూడా నిలవని వెలుగు. దాన్ని పట్టేంత ఫాస్ట్ డిటెక్టర్ లేదు. అందుకే పల్స్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని కాస్త ఆలస్యం చేసి, క్రిస్టల్‌లో మళ్లీ కలుపుతాం. వెలుగుని వెలుగుతోనే కొలుస్తాం.

బిల్డింగ్ పనికి వెళ్లే వాళ్లమ్మకి మంజుల ఇదంతా, లేజర్ నుంచి కళ్లని కాపాడే పెద్ద అద్దాల సంగతీ చెప్పిందట. "అంత కొంచెం వెలుతురుకి అంత పెద్ద కండ్లద్దాలు ఎందుకు పాపా?" అందట ఆమె. ఆ రోజంతా నవ్వుకున్నాం.

పోయినేడు మంజులకి గొప్ప రిజల్ట్ వచ్చింది. స్క్రీన్ మీద సన్నటి శిఖరం. అంటే చాలా చిన్న పల్స్. పేపర్ రెడీ. మా గైడ్ సార్ స్వీట్లు కూడా తెప్పించారు.

తను మాత్రం తినలేదు. శిఖరం కింద వెడల్పుగా పరుచుకున్న భాగాన్నే చూస్తోంది.

"ఇది మనల్ని ఏమారస్తా ఉండాది మే."

ఫ్రాగ్ (FROG) అనే ఇంకో పద్ధతిలో మళ్లీ కొలిచింది. అందులో పల్స్‌లోని ఏ రంగు ఎప్పుడు వస్తుందో కూడా తెలుస్తుంది. కొలిచిన బొమ్మ, దాన్నుంచి కంప్యూటర్ లెక్కకట్టిన బొమ్మ కలవలేదు. అసలు ఏ పల్సూ ఇంకోదానిలా లేదు. ఆ శిఖరం రకరకాల పల్స్‌లు కలిసిన సగటు, పల్స్ పొడవే కాదు.

"అందరూ ఇలాగే పంపుతున్నారు, పంపెయ్" అన్నారు సార్.

"నేను నమ్మని నంబర్ మీద నా పేరు వద్దు సార్" అంది.

పేపర్ ఆపేసింది. థీసిస్ వెనక్కి పోయింది. నెలల తరబడి లేజర్‌లోని అద్దాలు విప్పుతూ, బిగిస్తూ, తిట్టుకుంటూ.

చివరికి పల్స్ నిలకడగా వచ్చింది. మొదటి నంబర్ కంటే పొడవే. కానీ బొమ్మలు రెండూ కలిశాయి. పోయిన వారమే పేపర్ పంపింది.

నిన్న వాళ్లమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఆ కొలత సరిగ్గా వచ్చినాదా పాపా? దాని కోసమే కదా దీపావళికీ రాకపోయె."

"వచ్చిందమ్మా. సరిగ్గా వచ్చింది."

ఆమె కళ్లు తుడుచుకుని, చుట్టూ ఉన్నవాళ్లందరికీ ఆ మాట తమిళంలో చెప్పింది.

వెళ్లిరా మంజులా. నువ్వున్న చోట నీకు నెమ్మది దొరకాలి.