ప్రాసెసర్‌కి రాసే సున్నం

రండి, ఇట్లా చాప మీదకి జరగండి. కాళ్లు చాపుకుని కూర్చున్నా ఏమీ అనుకోను. మా ఇంట్లో ఒక కంప్యూటర్‌కి జరిగిన వైద్యం సంగతి చెబుతాను. నేను చదివింది అయిదో తరగతే. అయినా మా వీధి ఆడవాళ్లలో దాని పొట్ట విప్పితే ఏముంటుందో ముందు చూసింది నేనే.

అప్పట్లో నల్లపాడు స్టేషనుకి దగ్గర్లో ఉండేవాళ్లం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్నాయి. మా మరిది వీధివైపు గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి ఆటలు ఆడించేవాడు. అంతకుముందు దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తాడు. ఆ దుమ్ము పడక, పడుకుంటే దగ్గొచ్చి, గోడకి ఆనుకునే నిద్రపోయేవాడు. ఆటల గది నడవకపోతే మళ్లీ అక్కడికే పోవాలి. వస్తావో రావో సోమవారం లోపల చెప్పమని మేస్త్రీ కబురు పెట్టాడు.

గది ఎందుకు నడవడం లేదంటే, కొత్తగా ఒక కార్ల ఆట వచ్చింది. ఉన్నవాటిలో పెద్ద కంప్యూటర్ మీదే అది ఎక్కుతుంది. ఎక్కింది గానీ, కారు మలుపు దగ్గరకి రాగానే మొరాయించిన ఎద్దులా ఆగిపోయేది. కాసేపటికి కదిలి, నేరుగా పోయి గోడని గుద్దేది.

"దిగి తోయాలా అన్నా?" అని కాలేజీ కుర్రాళ్లు ఎగతాళి చేసి గుంటూరు పోయి ఆడుకునేవాళ్లు. మరిది బొమ్మలు చూపించే కార్డు కొత్తది కొని పెట్టాడు. అయినా అదే తంతు.

"కొత్తది పెట్టావుగా, ఇంకా ఏం రోగం దానికి?" అన్నాను.

"కార్డు మంచిదే వదినా. ప్రాసెసర్ పాతది. ఇది లెక్క కట్టి అందిస్తేనే అది బొమ్మ గీస్తది. ఇది అందించేదాకా అది ఊరికే కూర్చుంటది."

పెళ్లికి ముందు నేను మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. గోతాం విప్పి మా ముందు కాయలు కుమ్మరించే మనిషి నెమ్మదస్తుడైతే, మా చేతులు ఎంత చురుకైనా కబుర్లతోనే పొద్దుపోయేది.

"అయితే కుమ్మరించేవాణ్ణి మార్చాలన్నమాట" అన్నాను.

మరిది తల పంకించాడు. "అంతే వదినా. అదే నాకు ముందు తెలిసుంటే కార్డు కొనేవాణ్ణి కాదు."

శనివారం గుంటూరు పోయి, ఆ బోర్డులోనే పట్టే పెద్ద ప్రాసెసర్ తెచ్చాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అరుగు మీద పెట్టె విప్పాడు. నేను కూర పొయ్యి మీద నుంచి దింపేసి వచ్చి పక్కన కూర్చున్నాను. ప్రాసెసర్ అగ్గిపెట్టె అంత కూడా లేదు. అడుగున దువ్వెన పళ్లకన్నా సన్నని సూదులు, వరసలు వరసలుగా. ఒక్కటి వంగినా పనికిరాదట. కొట్టువాడు చిన్న డబ్బీలో తెల్లటి పేస్టు కాస్త పెట్టిచ్చాడు. ప్రాసెసర్ కాగితే ఆ వేడి పైనున్న రేకుల దిమ్మెకి ఎక్కాలి. మధ్యన ఈ పేస్టు లేకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది.

ఇద్దరం పెట్టెలోకి వంగి సూదులు కన్నాల్లో దిగాయా లేదా చూస్తున్నాం. వెనకనుంచి మా అత్తగారి గొంతు.

"ఇదేం సున్నమే, ఘాటే లేదు. నాలిక్కి జిడ్డులా అంటుకుంది."

మరిది డబ్బీ వైపు చూశాడు. వేలితో తుడిచినట్టు ఖాళీగా ఉంది.

"అమ్మా, మింగావా?"

"ఇంకా నమల్తానే ఉన్నా."

"ముందు ఉమ్మెయ్."

నేను చెంబుతో నీళ్లిచ్చి నోరు పుక్కిలింపించాను. మరిది స్తంభానికి చేరగిలబడ్డాడు. "ఆదివారం కొట్టు తియ్యరు. ఈ గది సంగతి తేలకుండా రేపు మేస్త్రీకి ఏం చెప్పను?"

"నా సున్నం డబ్బా తీసుకోరా" అంది అత్తగారు.

"అది రాస్తే బోర్డు పాడైపోద్దే."

ఆమెకి ఒక అలవాటు. ఒక ఆకు నోట్లో పెట్టుకునే ముందే ఇంకో రెండు ఆకులకి సున్నం రాసి, ఆరబెట్టినట్టు పళ్లెంలో పరుస్తుంది. వెళ్లి చూస్తే సున్నం అనుకుని ఈ పేస్టు రాసిన ఆకులు రెండూ ఉన్నాయి. వక్క ఇంకా వేయలేదు. చెంచా అంచుతో మెల్లగా గీరాను. కందిబద్దంత పేస్టు వచ్చింది.

"చాలుద్దంటావా?" అన్నాను.

"నాకూ తెలియదు వదినా" అని దాన్ని ప్రాసెసర్ నడిమధ్యన పెట్టి, పైన దిమ్మె అదిమి బిగించాడు.

మీట నొక్కగానే ఫ్యాను తిరిగింది. ఆట తెరిచి, నా ముందుకి కీబోర్డు జరిపాడు. "నువ్వు తోలు వదినా. నాకు భయంగా ఉంది."

తోలాను. మలుపు వచ్చింది. చెట్లూ రోడ్డూ నీళ్లలా జారుతూ పోయాయి, కారు ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత గోడని గుద్దాను, అది పూర్తిగా నా చేతకానితనమే.

"నీ తోలుడికి ఏం పెట్టి బాగుచేస్తాడే వీడు?" అంది అత్తగారు.

వేడికి ఆగుతుందేమోనని సాయంత్రం దాకా ఆడుతూనే ఉన్నాడు. ఆగలేదు. చీకటి పడకముందే ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు గుమ్మంలోంచి తొంగి చూసి, చెప్పులు విడిచి లోపలికొచ్చారు. మరిది వాళ్లకి కుర్చీలు వదిలిపెట్టి స్టేషను దగ్గర ఫోను బూత్‌కి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

"ఆ చోటు ఇంకొకరికి ఇచ్చుకోండి మేస్త్రీగారూ, నేను రాను" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

ఇంతసేపు చెవి పెట్టి విన్నారు. మీ గడప లోపల ఎవరికి ఏ పని మీద మనసుంటే ఆ పనే వాళ్లకి అన్నం పెట్టాలి. దేవుడి చెయ్యి మీ ఇంటి కప్పు మీద ఎప్పుడూ ఉండాలి.