సీటు కింది కార్బురేటర్

బండ్లు బాగుచేసే మా మిస్త్రీని చంపింది మీరే. మోటారున్న ప్రతి ఒక్కరినీ అంటున్నాను, పక్కన నిలబడి చూసిన నన్ను కూడా కలుపుకునే అంటున్నాను. సైదాబాద్‌లో మా గోడ పక్క ఇంట్లో, మొన్న శుక్రవారం పొద్దున, దగ్గి దగ్గి ఆయన ఊపిరి ఆగిపోయింది. ఏళ్ల తరబడి పీల్చిన పెట్రోలు ఆవిరే ఊపిరితిత్తులను తినేసిందని డాక్టరు అన్నాడు.

అఫ్జల్‌గంజ్‌లో ఆయన పనిచేసిన రేకుల షెడ్డు మీకు తెలియనిది కాదు. ఇంజన్‌కు గాలి, పెట్రోలు కలిపి అందించే కార్బురేటర్ విప్పి, లోపల పెట్రోలు చిమ్మే చిన్న ఇత్తడి జెట్టు తీసి, పెదాల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకుని ఊదేవాడు. సూది బెజ్జమంత రంధ్రంలోంచి సన్నటి ఈల వచ్చేది. ఆ ఈలను బట్టే జెట్టు శుభ్రమైందో లేదో చెప్పేవాడు. రేకుల సందుల్లోంచి పడే ఎండ పెట్రోలు ఆవిరిలో నీళ్లలా కదిలేది. ఆ ఈల వింటూ ఎన్ని మధ్యాహ్నాలు కునుకు తీశానో! గాలిపంపు కొనిపెట్టమని అడిగితే యజమాని, "నోరుంది గద, పంపెందుకు?" అన్నాడట. మిస్త్రీ ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు తల ఎత్తుకోలేకపోతున్నాను.

నొప్పులు వచ్చిన ఆడవాళ్లను ఆసుపత్రికి చేర్చడానికి మా బస్తీవాళ్లం కలిసి, ఒక జాగీర్దారు వదిలేసిన పాత కారు కొన్నాం. దాని కార్బురేటర్ పగిలిపోయి ఉంది. పత్తర్‌గట్టి దుకాణంలో పెద్దది, తళతళ మెరిసేది ఒకటి దొరికింది. మిస్త్రీ దాన్ని ముట్టుకోనైనా ముట్టుకోలేదు. తుక్కులోంచి ఏరి తెచ్చిన నల్లటి చిన్నదాన్ని చూపించాడు.

"అన్నా, ఇంజన్ ఎంత పీల్చుకుంటదో గంతే నోరుండాలె. పెద్దదాంట్ల గాలి నిమ్మళంగ పోతది, పెట్రోలు లేవదు. ఎత్తు మీద ఆగిపోతది."

జాగీర్దార్లంటే పడని పార్టీవాణ్ణి, నాకు ఒళ్లు మండింది. "జాగీర్దార్లకు పెద్దయి, మనోళ్లకు చిన్నయా? ఏంది మిస్త్రీ, నువ్వు గూడ గిట్లనే అంటవా?"

"ఇంజన్‌కు నీ పార్టీ తెల్వదన్నా."

అందరూ నవ్వారు. అయినా నా వాదనే నెగ్గింది. మిస్త్రీ పెద్దదే బిగించి, చిన్నదాన్ని గుడ్డలో చుట్టి వెనక సీటు కిందికి తోశాడు. ఎందుకది అంటే, "ఉండనీ అన్నా, దానికేమన్న కూడు వెట్టాల్నా?" అన్నాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, పక్క వీధి పోస్టుమాన్ భార్యకు నొప్పులొచ్చాయి. మిస్త్రీయే బండి తోలాడు, నేను ముందు కూర్చున్నాను. మూసీ వంతెన ఎక్కుతుంటే బండి రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది.

ఆయన దిగి వెనక తలుపు తీశాడు. సీటు కింద చెయ్యి పెట్టి మూట లాగాడు. చిన్నదాన్ని ఇంజన్ మీద సరిగ్గా కూర్చోబెట్టే రేకు బిళ్ల కూడా ముందే కోసి, ఆ మూటలోనే ఉంచాడు.

"మిస్త్రీ అన్నా, జల్ది! వీడు ఆగెటట్టు లేడు," అంది ఆమె వెనక నుంచి.

"లోపల లొల్లి జెయ్యకుమని జెప్పు బిడ్డా. తొవ్వల పుడితె ఏం పేరు వెడ్తవు, మూసీ అనా?"

అంత నొప్పిలోనూ ఆమె నవ్వింది. ఆయన జెట్టు నోట పెట్టుకుని ఊదాడు. తుంపరలో అవతలి ఒడ్డు మొత్తం కరిగి నీళ్లలో కలిసిపోయినట్టుంది. టాంగాలు చప్పుడు లేకుండా తేలిపోతున్నట్టున్నాయి. ఆ ఈల ఒక్కటే వినిపించింది. తరువాత బండి ఒక్క గుక్కలో వంతెన దాటింది. బిడ్డ ఆసుపత్రి మంచం మీదే పుట్టింది.

పెదాలు తుడుచుకుంటూ ఆయన దగ్గడం నేను మొదట విన్నది ఆ వంతెన మీదే. పట్టించుకోలేదు. తప్పు నాదేనని కూడా ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. అచ్చులో చెబుతున్నాను, ఇక ఆయన చదవడు.

కనుక, బండ్లున్నవారినీ షెడ్లున్నవారినీ అడుగుతున్నాను:

ప్రతి షెడ్డులో గాలిపంపు పెట్టండి.

జెట్టు నోటితో ఊదమని, పెట్రోలు నోటితో లాగమని ఏ పనివాడికీ చెప్పకండి.

దగ్గుతున్నవాడికి జీతం కోయకుండా సెలవివ్వండి, డాక్టరుకు చూపించండి.

పని తెలిసినవాడు చెబితే వినండి. ఇది నాకు కూడా.

మా బస్తీ బండికి ఆ చిన్న కార్బురేటర్‌నే ఉంచండి.

పొద్దున దాన్ని స్టార్టు చేసినప్పుడు, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి. అది సన్నగా ఈల వేస్తూ గాలి పీల్చుకుంటుంది.